రేచల్ కార్సన్: సముద్రాన్ని చదివి చెప్పిన శాస్త్రజ్ఞురాలు

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి

ప్రపంచ పటం ముందు పెట్టుకుని చూస్తే నేల రంగు కంటే నీలి రంగే ఎక్కువ కనబడుతుంది. భూమి మీద నూటికి డెబ్బై పాళ్ళు సముద్రమే. అయినా సముద్రం గురించి మనలో ఎంతమందికి ఎంత తెలుసు? ఒడ్డున నిలబడి కెరటాలు చూస్తాం. కార్తీక పున్నమికి మునకలు వేస్తాం. వాయుగుండం వచ్చిందంటే కోతకొచ్చిన వరి ఏమైపోతుందోనని భయపడతాం. అంతకు మించి ఆ నీటి లోపల ఏం జరుగుతోందో మనకు చెప్పిన వాళ్ళు తక్కువ. తెలిసిన శాస్త్రజ్ఞులు తమలో తాము చెప్పుకుంటారు. మిగతా వాళ్ళకు ఆ భాష అర్థం కాదు.

శాస్త్రజ్ఞుల భాషకూ సామాన్యుడి భాషకూ మధ్య వంతెన వేసిన మహనీయురాలు రేచల్ కార్సన్. ఈనాడు ఆమె పేరు చెప్పగానే పురుగు మందుల మీద ఆమె రాసిన పుస్తకమే అందరికీ గుర్తుకొస్తుంది. కానీ అంతకు ముందు పాతికేళ్ళ పాటు ఆమె సముద్రం గురించే రాసింది. ఇల్లాళ్ళు, గుమాస్తాలు, బడిపిల్లలు ఆమె పుస్తకాలు చదివి సముద్రాన్ని గురించి కుతూహలపడ్డారు. ఆ కుతూహలమే తర్వాత ఆమెకు బలమైంది. ఈ రెండో సంగతిని చాలామంది మరిచిపోతారు గనుకనే ఆమె జీవితాన్ని మొదటి నుంచీ చెప్పుకోవడం మంచిది.

బాల్యం

రేచల్ 1907 మే 27న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. ఆ ఊరు అల్లెఘెనీ నది ఒడ్డున, పిట్స్‌బర్గ్ నగరానికి దగ్గరలో ఉంది. తండ్రి రాబర్ట్, తల్లి మరియా. ముగ్గురు పిల్లల్లో రేచల్ ఆఖరిది. వాళ్ళకు సుమారు 65 ఎకరాల భూమి, ఆపిల్ చెట్లు, కొద్దిపాటి పశువులు, కోళ్ళు ఉండేవి. భూమి ఉంది గాని రాబడి లేదు. తండ్రి రకరకాల పనులు చేసి సంసారం నెట్టుకొచ్చాడు.

తల్లి మరియా చదువుకున్న మనిషి. చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని తోటల్లో, పొలం గట్ల మీద తిప్పుతూ పిట్టల పేర్లు, పురుగుల పేర్లు చెప్పేది. ఇంట్లోకి వచ్చిన పురుగును సైతం చంపకుండా బయట వదిలిపెట్టేదట. పిల్లకు పుస్తకాల పిచ్చి కూడా తల్లి నుంచే అంటింది. 1918లో, పదకొండేళ్ళ వయసులో, రేచల్ రాసిన కథ ఒక పిల్లల పత్రికలో అచ్చయింది. పెద్దయ్యాక రచయిత్రిని కావాలని ఆ రోజే నిశ్చయించుకుంది.

ఆ ఊరి నుంచి సముద్రం వందల మైళ్ళ దూరం. ఆమె చూడనైనా చూడలేదు. అయినా పుస్తకాల్లో చదివి దానిమీద మనసు పడింది. మరోవైపు కళ్ళ ముందున్న నది ఫ్యాక్టరీల వల్ల పాడవుతూ ఉండేది. ఊళ్ళో జిగురు ఫ్యాక్టరీ కంపు ఇళ్ళలోకి వచ్చేది. అందమైన నీరు ఎలా ఉంటుందో ఊహలోనూ, పాడైన నీరు ఎలా ఉంటుందో ఎదురుగానూ చూస్తూ ఆమె పెరిగింది.

కాలేజీ చదువు

1925లో రేచల్ పిట్స్‌బర్గ్‌లోని మహిళా కళాశాలలో చేరింది. ఫీజు కట్టడం ఆ కుటుంబానికి తలకు మించిన భారం. తల్లి పియానో పాఠాలు చెప్పింది, ఆపిల్ పండ్లూ కోళ్ళూ అమ్మింది, ఇంట్లో ఉన్న పింగాణీ సామాను కూడా అమ్మింది. కూతురు చదువు కోసం పాడి గేదెను అమ్మిన తల్లులు మన ఊళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

రేచల్ మొదట ఇంగ్లీషు సాహిత్యం తీసుకుంది. తప్పనిసరి సబ్జెక్టుగా జీవశాస్త్రం చదవాల్సి వచ్చినప్పుడు మేరీ స్కాట్ స్కింకర్ అనే అధ్యాపకురాలి పాఠాలు విన్నది. అంతటితో ఆమె దారి మారింది. సాహిత్యం వదిలి జీవశాస్త్రం ప్రధాన విషయంగా తీసుకుంది. ఆ రోజుల్లో ఆడపిల్ల సైన్సు చదివితే ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందని అందరూ అడిగేవారు. రాయడం వదులుకుంటున్నానేమోనని ఆమెకు కూడా దిగులు ఉండేది. తీరా చూస్తే, రాయడానికి తగిన వస్తువు ఆమెకు సైన్సులోనే దొరికింది. ఒక మంచి అధ్యాపకురాలు ఒక విద్యార్థిని జీవితంలో ఎంత మార్పు తేగలదో దీన్నిబట్టి మనం గ్రహించవచ్చు.

1929లో డిగ్రీ పూర్తయింది. ఆ వేసవిలో వుడ్స్ హోల్ అనే చోట ఉన్న సముద్ర జీవశాస్త్ర పరిశోధనాలయానికి వెళ్ళే అవకాశం వచ్చింది. ఇరవై రెండేళ్ళ వయసులో రేచల్ సముద్రాన్ని మొదటిసారి కళ్ళారా చూసింది అక్కడే. తర్వాత జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చేరి 1932లో జంతుశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకుంది. డాక్టరేటు కూడా చేయాలనుకుంది గాని అవి ఆర్థిక మాంద్యం రోజులు. తల్లిదండ్రులు కూడా ఆమె దగ్గరికే వచ్చేశారు. ఇంటి ఖర్చులు మీద పడ్డాయి. 1934లో చదువు మానుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడు తండ్రి చనిపోయాడు.

ఉద్యోగం - రచన

ఇక సంపాదన తప్పనిసరి అయింది. ప్రభుత్వ మత్స్య శాఖ వారు అప్పుడు సముద్ర జీవుల మీద రేడియో ప్రసంగాలు తయారు చేయించాలని చూస్తున్నారు. ఒక్కొక్కటి ఏడు నిమిషాలు, మొత్తం 52. శాస్త్రజ్ఞులు రాస్తే జనానికి అర్థం కావడం లేదు. రచయితలు రాస్తే శాస్త్రం ఉండటం లేదు. రెండూ తెలిసిన మనిషి కావాలి. ఆ పని రేచల్‌కు దొరికింది. తర్వాత సివిల్ సర్వీసు పరీక్ష రాసి, పోటీ పడిన అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుని, 1936లో అదే శాఖలో జూనియర్ జలజీవ శాస్త్రజ్ఞురాలిగా చేరింది. ఆ శాఖలో అలాంటి ఉద్యోగం పొందిన స్త్రీలలో ఆమె రెండవది.

కష్టాలు అంతటితో తీరలేదు. 1937లో అక్క మేరియన్ చనిపోయింది. ఆమె ఇద్దరు ఆడపిల్లల భారం రేచల్ మీదా, తల్లి మీదా పడింది. పగలు ఆఫీసు, సాయంత్రం ఇల్లు, రాత్రి రచన. ఆ ఏడే ఒక విశేషం జరిగింది. సముద్రం గురించి ప్రభుత్వ కరపత్రం కోసం ఆమె రాసిన వ్యాసాన్ని పై అధికారి ఎల్మర్ హిగ్గిన్స్ చదివి, ఇది కరపత్రంలో వేయదగ్గది కాదు, ఇంకా పెద్ద పత్రికకు పంపమని సలహా ఇచ్చాడు. అట్లాంటిక్ మంత్లీ పత్రిక దాన్ని ప్రచురించింది. ఆ వ్యాసం ఆధారంగా 1941 నవంబరులో ఆమె మొదటి పుస్తకం 'అండర్ ది సీ విండ్' వెలువడింది. అందులో కథానాయకులు ఒడ్డున తిరిగే పిట్టలు, ఒక మాకెరెల్ చేప, ఒక ఈల్ చేప. ఆ తర్వాతి నెలలోనే పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడి అమెరికా యుద్ధంలోకి దిగింది. ఇక చేపల కథ ఎవరికి కావాలి? రెండు వేల ప్రతులు కూడా అమ్ముడుపోలేదు.

సముద్రం ఇంటింటికీ వచ్చింది

యుద్ధం ఆమె పుస్తకాన్ని ముంచింది గాని సముద్ర విజ్ఞానాన్ని మాత్రం పెంచింది. జలాంతర్గాముల కోసం, సైన్యాన్ని ఒడ్డుకు దించడం కోసం దేశాలన్నీ సముద్రం లోతులను, ప్రవాహాలను, ఆటుపోట్లను ముమ్మరంగా పరిశోధించాయి. యుద్ధం ముగిశాక ఆ నివేదికలు బయటికి రాసాగాయి. రేచల్ అప్పటికి ప్రభుత్వ మత్స్య వన్యప్రాణి శాఖలో సంపాదకురాలు. 1949లో ఆ శాఖ ప్రచురణలన్నిటికీ ప్రధాన సంపాదకురాలైంది. కొత్త సంగతులన్నీ ఆమె బల్ల మీదికి వచ్చేవి. ఇంత విజ్ఞానం ఫైళ్ళలో పడి ఉంటే ఏం లాభం, దీన్ని జనానికి చెప్పాలి అనుకుంది.

అదే ఏడాది ఆల్బట్రాస్-3 అనే పరిశోధక నౌక మీద సముద్రయానం చేసింది. అది మగవాళ్ళ నౌక. ఒంటరి స్త్రీని ఎక్కించుకోవడానికి అధికారులు తటపటాయించారు. ఇద్దరైతే ఫరవాలేదని తేలాక ఆమె తన పుస్తకాల ఏజెంటు మేరీ రోడెల్‌ను తోడు తీసుకుని బయలుదేరింది.

1951 జులైలో 'ది సీ అరౌండ్ అస్' విడుదలైంది. మన చుట్టూ ఉన్న సముద్రం అని దాని అర్థం. అందులో ఏముందో ఒకటి రెండు ముచ్చట్లు చెబితే ఆ పుస్తకం ఎందుకంత పేరు పొందిందో తెలుస్తుంది. యుద్ధ కాలంలో నౌకల నుంచి నీటిలోకి ధ్వని తరంగాలు పంపి, అవి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి లోతు కొలిచేవారు. కొన్నిచోట్ల అసలు అడుగు ఎంతో లోతున ఉండగా, మధ్యలోనే ఇంకో అడుగు ఉన్నట్టు పరికరం చూపేది. వింతేమిటంటే ఆ దొంగ అడుగు పొద్దుగూకితే పైకి వచ్చేది, తెల్లవారితే కిందికి దిగేది. చివరికి తేలింది ఏమిటంటే అది నేల కాదు, ప్రాణులు! లెక్కలేనన్ని చిన్న జీవులు గుంపుగా రాత్రి మేతకు పైకి వచ్చి పగలు లోతుకు పోతున్నాయి. ఇంకో అధ్యాయంలో సముద్రపు అడుగున పేరుకునే ఒండ్రు గురించి చెప్పింది. నదులు తెచ్చిన మట్టి, అగ్నిపర్వతాల బూడిద, చచ్చిన సూక్ష్మజీవుల పెంకులు కోట్లాది ఏళ్ళుగా మంచు కురిసినట్టు నెమ్మదిగా అడుగుకు రాలుతూనే ఉన్నాయట. ఆ పొరలను తవ్వి చదివితే భూమి చరిత్ర చదివినట్టే. మన కృష్ణ, గోదావరి మోసుకుపోయే ఎర్రనీళ్ళలోని మట్టి కూడా బంగాళాఖాతం అడుగున అలాగే పేరుకుంటోంది.

ఆ పుస్తకం 86 వారాల పాటు న్యూయార్క్ టైమ్స్ పత్రిక బెస్ట్ సెల్లర్ల జాబితాలో నిలిచింది. 1952లో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. ముప్పైకి పైగా భాషల్లోకి వెళ్ళింది. ఇంత సాంకేతిక విషయం రాసింది ఆడమనిషా అని కొందరు ఆశ్చర్యపోయారు. రాసింది మగవాడే అయివుంటాడని అనుకున్న వాళ్ళూ లేకపోలేదు. పదేళ్ళ కింద ఎవరూ కొనని మొదటి పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేస్తే అది కూడా బాగా అమ్ముడుపోయింది. 1952లో రేచల్ ఉద్యోగానికి రాజీనామా చేసి పూర్తికాలం రచయిత్రి అయింది. మెయిన్ రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున చిన్న ఇల్లు కట్టుకుంది. రాళ్ళ మధ్య నిలిచిన నీటిగుంటల్లో చేతికి దొరికిన ప్రాణిని భూతద్దం కింద చూసి, తిరిగి దాని చోట దాన్ని వదిలేసేది. 1955లో తీరప్రాంతపు జీవుల మీద 'ది ఎడ్జ్ ఆఫ్ ది సీ' వచ్చింది.

1961లో 'ది సీ అరౌండ్ అస్' కొత్త ముద్రణకు ఆమె రాసిన ముందుమాటలో ఒక హెచ్చరిక ఉంది. అణు కర్మాగారాల వ్యర్థాలను పీపాల్లో పెట్టి సముద్రంలో పారవేయడాన్ని ఆమె తప్పు పట్టింది. సముద్రం ఎంత పెద్దదైనా అందులో వేసింది వేసినచోటే ఉండదు, ప్రవాహాలూ ప్రాణులూ దాన్ని మోసుకుపోతాయి అన్నది ఆమె వాదం. అణు వ్యర్థాలను సముద్రంలో వేయడాన్ని ప్రపంచ దేశాలు పూర్తిగా నిషేధించడానికి 1993 దాకా పట్టింది.

డి.డి.టి. కథ

1939లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లర్ డి.డి.టి.కి పురుగులను చంపే శక్తి ఉందని కనిపెట్టాడు. యుద్ధకాలంలో అది పేలను చంపి టైఫస్ జ్వరాన్ని ఆపింది, దోమలను చంపి మలేరియాను తగ్గించింది. ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతవరకూ న్యాయమే. యుద్ధం అయిపోయాక అదే మందును పొలాల మీద, అడవుల మీద, ఊళ్ళ మీద విమానాలతో కుమ్మరించడం మొదలైంది. ఆ మందు పురుగులతో ఆగుతుందా అని రేచల్‌కు 1945లోనే అనుమానం వచ్చింది. దానిపై వ్యాసం రాస్తానంటే ఒక పెద్ద పత్రిక వద్దంది.

1958 జనవరిలో ఆమెకు ఓల్గా హకిన్స్ అనే స్నేహితురాలి నుంచి ఒక ఉత్తరం అందింది. వాళ్ళ ఊళ్ళో దోమల కోసం విమానంతో మందు చల్లితే ఆమె పెరట్లో పిట్టలు చచ్చి పడ్డాయని దాని సారాంశం. ఎవరికి చెప్పాలో తెలుసుకుందామని రేచల్ విచారించడం మొదలుపెట్టింది. విచారించినకొద్దీ విషయం పెద్దదైంది. నాలుగేళ్ళు పట్టింది.

ఆమె సేకరించిన వాటిలో రెండు ఉదాహరణలు చాలు. మిషిగన్ రాష్ట్రంలో ఎల్మ్ చెట్లకు తెగులు వస్తే దాన్ని మోసే కీటకాన్ని చంపడానికి డి.డి.టి. కొట్టారు. ఆకులు రాలాయి. రాలిన ఆకులను వానపాములు తిన్నాయి. వానపాములు చావలేదు గాని మందు వాటి ఒంట్లో నిలిచింది. మరుసటి వసంతంలో రాబిన్ పిట్టలు వచ్చి వానపాములను తిన్నాయి. పదకొండు పెద్ద వానపాముల్లో ఉన్న మందు ఒక పిట్ట ప్రాణం తీయడానికి చాలు. పిట్టలు ఒణికి ఒణికి చచ్చిపోయాయి. కొట్టింది చెట్టుకు, చచ్చింది పిట్ట!

రెండోది కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అనే సరస్సు. అక్కడ కుట్టని సన్న ముసురు పురుగుల చిరాకు పోగొట్టడానికి డి.డి.టి.కి దగ్గర చుట్టమైన డి.డి.డి. అనే మందు నీటిలో కలిపారు. నీటిలో దాని పాలు 10 లక్షలకు 0.02 మాత్రమే. నీటిలోని సూక్ష్మజీవుల్లో అది 5 పాళ్ళు అయింది. వాటిని తిన్న చిన్న చేపల్లో 40 నుంచి 300 పాళ్ళు. ఆ చేపలను తిన్న గ్రీబ్ అనే నీటి పక్షుల కొవ్వులో 1,600 పాళ్ళు. అంటే నీటిలో ఉన్నదానికి 80 వేల రెట్లు! వెయ్యికి పైగా ఉన్న గ్రీబ్ జంటలు 1960 నాటికి 30కి పడిపోయాయి. ఈ మందు నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది, తొందరగా విరిగిపోదు. అందుకే మెట్టు మెట్టుకూ చేరి పెరుగుతుంది. మనం పరీక్ష కోసం బట్టీపట్టే ఆహార శృంఖలం బొమ్మకు అసలు అర్థం ఇది.

ఇంకొక సంగతి కూడా ఆమె స్పష్టంగా చెప్పింది. మందు కొట్టినప్పుడు బలహీనమైన పురుగులు చస్తాయి, తట్టుకున్నవి మిగులుతాయి. మిగిలినవాటి సంతానమంతా తట్టుకునేదే. పైగా పురుగును తినే సాలీళ్ళు, అక్షింతల పురుగులు, పిట్టలు కూడా చస్తాయి. అప్పుడు ఇంకా ఘాటైన మందు కావాలి. ఈ పరుగుకు అంతు లేదు.

ఈ పుస్తకం రాస్తున్న కాలంలో ఆమె పడ్డ బాధలు ఇన్నీ అన్నీ కావు. 1957లో మేనకోడలు చనిపోతే ఆమె అయిదేళ్ళ కొడుకు రోజర్‌ను దత్తు తీసుకుంది. 1958 డిసెంబరులో, జీవితమంతా తోడున్న తల్లి కన్నుమూసింది. 1960లో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. తనకు క్యాన్సర్ ఉందని తెలిస్తే ఆ కోపంతోనే రసాయనాల మీద రాసిందంటారని ఆ సంగతి దాచిపెట్టింది. కొన్నాళ్ళు మంచం మీద నుంచే రాసింది.

గాలివాన

'సైలెంట్ స్ప్రింగ్', అంటే నిశ్శబ్ద వసంతం, 1962 జూన్ నుంచి న్యూయార్కర్ పత్రికలో భాగాలుగా వచ్చి, సెప్టెంబరు 27న పుస్తకంగా వెలువడింది. పిట్టలన్నీ చచ్చిపోతే వసంతకాలం మూగదవుతుందన్నది ఆ పేరులోని భావం. పుస్తకం చివర ఆధారాల పట్టికే 50 పేజీలకు పైగా ఉంది.

రసాయన పరిశ్రమ భగ్గుమంది. ఒక కంపెనీ ప్రచురణకర్తలను కోర్టు పేరుతో బెదిరించింది. ఇంకొక కంపెనీ మందులు లేకపోతే ప్రపంచం పురుగుల పాలవుతుందంటూ వెటకారపు రచన అచ్చు వేసి పంచింది. ఆమెకు డాక్టరేటు లేదన్నారు. పెళ్ళి కాని ఆడదానికి రాబోయే తరాల గురించి ఎందుకన్నారు. ఆమె ఎవరినీ తిరిగి తిట్టలేదు. ఆధారాలు చూడమంది, అంతే.

సముద్రం పుస్తకాలు చేసిన మేలు ఇక్కడే బయటపడింది. ఆమె ఎవరో జనానికి కొత్త కాదు. సముద్రం గురించి ఆమె చెప్పింది వాళ్ళు పదేళ్ళుగా చదివి నమ్మారు. ఆమె అబద్ధం రాయదని తెలుసు. అందుచేత కంపెనీల మాట విని పుస్తకం మూసేయలేదు. ఉత్తరాలు రాసి తమ ప్రతినిధులను నిలదీశారు. 1962 ఆగస్టు 29న విలేఖరులు అధ్యక్షుడు కెన్నెడీని ఈ విషయం అడిగారు. ప్రభుత్వం పరిశీలిస్తోందని ఆయన జవాబిచ్చాడు. 1963 ఏప్రిల్ 3న సి.బి.ఎస్. టెలివిజన్‌లో కార్యక్రమం వచ్చింది. కొందరు ప్రకటనదారులు తప్పుకున్నా ప్రసారం ఆగలేదు. విగ్గు పెట్టుకుని, నీరసంగా ఉండి కూడా ఆమె తొణకకుండా మాట్లాడింది. మే 15న అధ్యక్షుడి శాస్త్ర సలహా సంఘం నివేదిక వెలువడింది. ఆమె చెప్పినదాన్ని అది చాలావరకు సమర్థించింది. జూన్ 4న ఆమె సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యం ఇచ్చింది. తన ఇంటి చుట్టూ ఏ మందు చల్లుతున్నారో తెలుసుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉందన్నది ఆమె వాదనలో ముఖ్యాంశం.

1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్ళ వయసులో, రేచల్ కార్సన్ కన్నుమూసింది. ఆమె అస్థికలలో కొంత భాగాన్ని స్నేహితురాలు డొరతీ ఫ్రీమన్ మెయిన్ తీరంలో సముద్రంలో కలిపింది.

ఆమె తర్వాత

ఆమె పోయాక బయటపడిన సంగతులు ఆమె అనుమానాలను మరింత బలపరిచాయి. మందు ఎవరూ చల్లని అంటార్కిటికాలో పెంగ్విన్ పక్షుల ఒంట్లో డి.డి.టి. కనబడింది. డేగలు, గద్దలు పెట్టే గుడ్ల పెంకులు దానివల్ల పలచబడి పొదిగేటప్పుడే చితికిపోతున్నాయని 1967 నుంచి తేలుతూ వచ్చింది. 1970లో అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏర్పడింది. 1972లో అక్కడ డి.డి.టి. నిషేధించారు. 1963లో, అలాస్కాను మినహాయిస్తే, సుమారు 400 జంటలకు దిగిపోయిన వాళ్ళ జాతీయ పక్షి బట్టతల గద్ద 2007 నాటికి పదివేల జంటలకు చేరువైంది. 1980లో ఆమెకు మరణానంతరం అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చారు.

ఆమె వల్ల డి.డి.టి. ఆగిపోయి మలేరియాతో లక్షల మంది చచ్చిపోయారని ఇప్పటికీ కొందరు అంటుంటారు. ఇది సరి కాదు. మందులు అసలే వాడకూడదని ఆమె ఎన్నడూ రాయలేదు. విచ్చలవిడిగా వాడితే దోమలు మందుకు లొంగకుండా పోతాయనే చెప్పింది. మన దేశం సంగతే చూడండి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేది. డి.డి.టి. పుణ్యమా అని 1965 నాటికి అది లక్షకు తగ్గింది. 1976లో తిరిగి 64 లక్షలకు ఎగబాకింది. అప్పటికి మన దేశంలో డి.డి.టి. మీద ఏ నిషేధమూ లేదు. కార్యక్రమం సడలడం, దోమలు మొండికేయడం ఇందుకు ముఖ్య కారణాలు. మన దేశంలో వ్యవసాయానికి డి.డి.టి. వాడకాన్ని 1989లో నిషేధించినప్పుడు కూడా దోమల నివారణకు మాత్రం అనుమతి ఉంచారు. ఇళ్ళ లోపలి గోడల మీద చల్లడాన్ని 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సమర్థించింది. ఇది ఆమె చెప్పిన పద్ధతికి విరుద్ధం కాదు.

మన పొలాల మాట

మాది వ్యవసాయ కుటుంబం. 2021-22లో తెలుగు రాష్ట్రాల్లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడినప్పుడు మా ఊళ్ళో తైవాన్ పంపుల మోత ఆగిన రోజు లేదు. ఒక మందు పని చేయకపోతే కొట్టు ఆయన ఇంకోటి ఇచ్చేవాడు. రెండు మూడు కలిపి కొట్టమనేవాడు. పురుగు తగ్గలేదు, ఖాతా పెరిగింది. మా నాన్నకు భూమి గురించి తెలియనిది లేదు. కానీ ఆ డబ్బాలో ఏముందో చెప్పే మనిషే ఆయనకు దొరకలేదు. డబ్బా మీది చిన్న అక్షరాలు చదివేవాళ్ళు లేరు. ఉన్న వాళ్ళకు అర్థం కాదు. 1997-98లో వరంగల్లు పత్తి రైతుల సంగతి మన పెద్దలకు గుర్తుంది. మందు కొట్టినా పురుగు చావక, అప్పు తీరక, ఎందరో అదే మందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. మొండికేసిన పురుగు గురించి 1962లోనే రాసిన మాట ముప్పై అయిదేళ్ళ తర్వాత కూడా మన రైతు చెవిన పడలేదు.

దారి లేకపోలేదు. రేచల్ తన పుస్తకం చివరి అధ్యాయంలో పురుగును తినే పురుగులను కాపాడుకోవడం, ఆడ పురుగు వాసనతో మగ పురుగును పట్టడం వంటి ఉపాయాలు వివరించింది. మన రైతులు పొలంలో కట్టే లింగాకర్షక బుట్టలు అవే గదా! అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామస్థులు 2000 తర్వాతి సంవత్సరాల్లో రసాయన మందులు మానేసి, వేప కషాయాలతో, బుట్టలతో పత్తి పండించి చూపించారు.

రైతు మందు మానలేని పరిస్థితి ఉండవచ్చు. అప్పుడైనా కొట్టేది ఏమిటో తెలిసి కొట్టాలి. డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. మా ఊళ్ళో చాలామంది అది కంపెనీ గుర్తు అనుకుంటారు. ఈ ఒక్క మాట ఇంటికెళ్ళి చెప్పినా చాలు. పొలం మీద కొట్టింది వానకు బోదెలోకి, బోదె నుంచి మురుగు కాలువలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోతుంది. నేల వేరు, సముద్రం వేరు కాదని రేచల్ జీవితమంతా చెప్పింది ఇదే.

విద్యార్థి మిత్రులారా! మనం సైన్సు చదువుతున్నాం. మన ఇళ్ళలో దాన్ని తెలుగులో, వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పగలిగిన వాళ్ళం మనమే. మనం చెప్పకపోతే మందుల కొట్టు ఆయన చెబుతాడు. రేచల్ కార్సన్‌కు అధికారం లేదు, డబ్బు లేదు, ఆరోగ్యమూ లేదు. తెలిసినదాన్ని నిజాయితీగా, నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడం ఒక్కటే ఆమెకు తెలుసు. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మనలో ప్రతి ఒక్కరూ అటక మీదున్న ఆ డబ్బా దించి, దాని మీద ఏం రాసి ఉందో అమ్మానాన్నలకు చదివి వినిపిస్తే, ఆమెకు అంతకు మించిన నివాళి లేదు.